చెట్టు నీడయు, బడి కప్పును

పసిబిడ్డలకు బడిగది వెలుపల, మట్టి, నీరు, చెట్టు, ఎండ గల చోట ఒక పాఠస్థలము ఏర్పఱుపవలెనని విద్యావేత్తలు చిరకాలముగ చెప్పుచున్నారు. జర్మనీలో ఫ్రోబెల్ 1840లో తన శిశువిద్యాలయమునకు 'పిల్లల తోట' యను అర్థమిచ్చు పేరు పెట్టి, ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క చిన్న మడిని కేటాయించెను. 1901లో రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనమున బడి స్థాపించి, చెట్లక్రింద పాఠములు చెప్పించెను. ఇది మంచిదేనా యను ప్రశ్నకు జవాబు సులభము. ఎవరి బిడ్డకు, ఏ నియమములతో మంచిది యను ప్రశ్నయే కష్టము. ఆ ప్రశ్నను మేము గ్రంథములవలన గాక, మా బడి పెరటివలన ఎఱిగితిమి.

మా గ్రామపు ప్రాథమిక పాఠశాల యావరణమున వేపచెట్టొకటి గలదు. కొన్నియేండ్ల క్రిందట దానిప్రక్క సిమెంటు చప్టా కట్టించి, బల్లలను వరుసగ నిలిపి, గోడపై నల్లబల్ల నమర్చి, బయలుతరగతి సిద్ధమైనదని సంతసించితిమి. ఉదయము నీడలో కూర్చున్న బిడ్డలు పదునొకండు గంటలకు ఎండలో నుండిరి. నీడ కదలునని మేమెఱుగమా? ఎఱుగుదుము; కాని లెక్కకు తీసికొనమైతిమి. విరామపు గంట మ్రోగగానే బిడ్డలు మా చప్టాను విడిచి, కట్టడమున మిగిలిన ఇసుకకుప్పయొద్దకును, బోరింగు క్రింది బురదయొద్దకును పరుగెత్తుచుండిరి. మేము కట్టినది కప్పులేని గది మాత్రమేయని అప్పుడు తెలిసినది.

కావున రెండవమారు కట్టుటకు ముందు చూచుట మొదలిడితిమి. బిడ్డలచేతనే నీడ యంచున గంటకొక పుల్ల పాతించితిమి. ఉదయమున ఎండ తగులు చోటికి తూర్పున, దట్టమగు నీడనిచ్చు కానుగను నాటితిమి. వాననీరు నిలిచి దోమలు పుట్టకుండ చిన్న కాలువ తీసి, దానిని కాగితపు పడవలకు వదలితిమి. గోడప్రక్కనున్న గన్నేరును, ఉమ్మెత్తను విషమొక్కలగుటచే పెరికించితిమి. పాములు చేరకుండ రాళ్లకుప్పలను తొలగించి, బిడ్డలెక్కి దుముకు మొద్దులచుట్టును మూరెడు లోతున ఇసుక పోయించితిమి. మోకాలు గీచుకొనుట బాల్యమునకు సహజము. విషపుకాయ తినుటయు, తల పగులుటయు పెద్దల యపరాధము. ఈ భేదమును గుర్తించుటయే ఇట్టి నిర్మాణమున ముఖ్యము.

అంతలో రెండభ్యంతరములు వచ్చినవి. స్థితిపరుడగు ఒక గృహస్థు, తన కుమారుని బట్టలు మాసినవనియు, మన్ను ముట్టుట కూలివారి పిల్లలకు తగుననియు పలికెను. దానికి జవాబు చెప్పుట కష్టము కాలేదు. మఱునాడు నాట్లకు పోవు ఒక తల్లి గుమ్మమునొద్ద నిలిచి, "మాస్టారూ, వీడైనా మట్టిలోనుంచి బయటపడతాడని బడికి పంపానండీ. మీరు మళ్ళీ మట్టిలోనే కూర్చోబెట్టారు. ఆ పని మా యింట్లో లేదా అండీ?" అని యడిగెను. మేము నిరుత్తరులమైతిమి. ఇరువురును మట్టిని తక్కువగనే యెంచిరి. కాని యాతనిది గర్వము, ఆమెది గాయము.

చెట్టుక్రింది బడి యనుమాట విద్యావంతులకు మనోహరము. మన పల్లెలలో నది చాలకాలము లేమికి పేరు. భవనము లేక చెట్టుక్రింద చదివి, వాన రాగానే ఇండ్లకు పోయిన బిడ్డలను మనమెఱుగుదుము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి బడికిని అన్ని ఋతువులకు తగిన భవనమును, ఆటస్థలమును రెండింటిని విధించినది. ఒకటి యున్నదని రెండవది మానుటకు వీలులేదు. మార్గరెట్ మెక్‌మిలన్ తన సోదరి రేచెలుతో కూడి 1914లో లండనునందలి డెట్‌ఫర్డులో బీదబిడ్డలకు తోటబడి పెట్టినప్పుడు, తోటతోపాటు స్నానమును, భోజనమును గూడ ఏర్పఱచెను. కప్పు గలవాడు బయటికి వచ్చుట స్వేచ్ఛ. కప్పు లేనివాడు బయటనుండుట దారిద్ర్యము. దూరమునుండి చూచువానికి రెండును ఒక్కటిగనే కనబడును.

ఛాందోగ్యోపనిషత్తునందలి సత్యకాముని కథ యిచట స్మరింపదగినది. తండ్రి గోత్రమెఱుగని యా బాలుని గౌతముడు శిష్యునిగ స్వీకరించి, నన్నూఱు బక్కగోవులను అప్పగించెను. అవి వేయి యగువఱకు అతడు తిరిగి రాలేదు. వృషభమును, అగ్నియు, హంసయు, నీటిపక్షియు అతనికి బోధించినవి. ఇంతవఱకే చెప్పి, ప్రకృతియే గురువని ముగించువారు గలరు. కాని కథ యింకను గలదు. తిరిగివచ్చిన సత్యకాముడు, తనకు గురువే బోధింపవలెనని వేడెను. గురువు లోపమేమియు లేకుండ బోధించెను. పశువులను కాచుటతోనే విద్య పూర్తియగునేని, మన పశులకాపరి బాలురందఱును పండితులై యుండవలసినది.

ఆ తల్లి ప్రశ్నకు మాకు దొరకిన జవాబు ఇదియే. సేద్యమునకు బుద్ధి యక్కఱలేదని కాదు. కూలిచేయు బిడ్డకు ప్రశ్నించు తీరిక లేదు. ఆ తీరికను బడి యియ్యవలెను. నీడను కొలిచినవాడు లోపలికి వచ్చి ఆ కొలతను పలకపై వ్రాయవలెను. చిక్కుడుగింజ మొలకెత్తుట చూచినవాడు దాని పేరు చదువగలుగవలెను. పలకవఱకు రానిది ఆట. ఆటయు మంచిదే, కాని దానిని చదువని చెప్పి ఆమెను మోసగింపరాదు.

మఱొక తప్పును ఒప్పుకొనవలసియున్నది. తోట ప్రారంభించిన తొలివారమున, ఎవరు నాజ్ఞాపింపకయే, చీపురు ఆడుపిల్లల చేతికిని, నీటికుండ కూలివారి బిడ్డల భుజముపైకిని చేరినవి. మేము చూచియు ఊరకుంటిమి. లోకపు హెచ్చుతగ్గులు గోడలు లేనిచోటికి మఱింత సులభముగ వచ్చునని నేర్చుకొంటిమి. తరువాత వంతులు వ్రాసి గోడకంటించితిమి. అందు మొదటి పేరు మాది, రెండవది ఆ గృహస్థుని కుమారునిది.

చదువరులారా, మీ యూరి బడిలో ఇట్టి తోట పెట్టదలచినచో, ముందు కప్పు కారుచున్నదేమో చూడుడు. పిమ్మట నీడను కొలువుడు. చీపురెవరిచేత నున్నదో కనిపెట్టుడు. ఆ తల్లి మఱల వచ్చినప్పుడు ఆమె కుమారుని పలకను చూపితిమి. ఆమెకు చదువు రాదు. "ఇది చదువేనా అండీ?" అని యడిగెను. అవునంటిమి. ఆ బాలుడు బాగుగ చదువ నేర్చువఱకు ఆ మాట మాపై నున్న యప్పు.