ఎవరును చూడలేదా?



గడచిన వేసవిలో మేము రేపల్లె ప్రాంతమునుండి వ్యానులో తెనాలికి ఒక వివాహమునకు వెళ్లితిమి. తిరిగి వచ్చునప్పుడు మండపపు ఆవరణలో డ్రైవరు వ్యానును వెనుకకు తీయుచుండగా, నిలిపియున్న ఒక ఎలక్ట్రిక్ కారు ముందుభాగమునకు అది తగిలెను. డ్రైవరు దిగి చూచి, భయముతో మావైపు తిరిగెను. "పోనియ్యి నాయనా, ప్రొద్దుపోయింది, ఎవరూ చూడలేదు" అని ఒక పెద్దాయన అనెను. మాలో ఎవరమును కాదనలేదు. పాటలు పాడుకొనుచు ఇల్లు చేరితిమి.

ఆదివారమున ఆరాధన ముగిసిన తరువాత ఒక వృద్ధురాలు, "ఎవరూ చూడలేదంటిరి. ఇరువదిమందిమి చూచితిమి గదయ్యా!" అనెను. మేము తలలు వంచుకొంటిమి.

దేవునియెదుట ఒప్పుకొనిన చాలదా? సంఖ్యాకాండము 5:6-8 చదివి చూడుడి. తప్పు ఒప్పుకొనుటతో అచ్చట పని తీరలేదు. నష్టపడినవానికి అసలును, దానిపై ఐదవవంతును చెల్లింపవలెను. అతడు గాని అతని బంధువు గాని లేకపోయినను ఆ ఋణము కొట్టివేయబడలేదు. అది యాజకునికి చేరవలసినదే. యజమాని కనబడనంత మాత్రమున అప్పు తీరునా?

మరునాడు మాలో ఇద్దరము రైలులో తెనాలికి వెళ్లి, పెండ్లివారినడిగి, కారు బాపట్లవారిదని తెలిసికొని అచ్చటికి పోతిమి. మేము చిన్న గీత అనుకొన్నచోటనే ఛార్జి పెట్టు మూత పగిలియుండెను. అట్టిచోట దెబ్బ తగిలినప్పుడు, తెలిసినవారు పరీక్షించువరకు ఛార్జి పెట్టరాదు. ఆ రాత్రి ఆ కుటుంబము పిల్లలతో రైలులో ఇల్లు చేరెను. ఆయన తన బీమానుండి బాగుచేయించుకొన్నయెడల, క్లెయిము లేనివారికి 20 మొదలు 50 శాతమువరకు దొరకు తగ్గింపును పోగొట్టుకొనును. తప్పు మాది, నష్టము ఆయనది! అంతకంటె ఘోరమేమనగా, సరిగా చూడలేదని మండపపు కాపలాదారుని అందరును దూషించియుండిరి. మా మౌనము నిరపరాధిపై అబద్ధసాక్ష్యమాయెను.

డ్రైవరు దినకూలివాడు. "పోనియ్యి" అన్నవారమును, ఊరకున్నవారమును మేమే గనుక వ్యానులోనివారమందరము ఖర్చును పంచుకొంటిమి. ఐదవవంతును కాపలాదారునికిచ్చి క్షమాపణ వేడితిమి. బాపట్లవారు డబ్బు తీసికొనిరి గాని నవ్వలేదు. అదియు న్యాయమే.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 134వ సెక్షను ప్రకారము, పరుల ఆస్తికి నష్టము చేసిన డ్రైవరు, పోలీసువారు అచ్చట లేనప్పుడు, 24 గంటలలోగా దగ్గరి పోలీసు స్టేషనులో తెలుపవలెను. బీమావారికి వ్రాసి తెలుపవలెను. యజమాని కనబడనప్పుడు పేరు, ఫోను నంబరు చీటీపై వ్రాసి కారు అద్దమునకు ఉంచుటకు ఎంతసేపు పట్టును? మన బండికే దెబ్బ తగిలినయెడల ఫొటోలు తీసి, కెమెరా ఉన్నదేమో అడిగి, పోలీసువారికి చెప్పుదము. చూడకుండ ఎవరి పేరును ఎత్తకుందము.

సహోదరునికి మనమీద ఏమైన ఉన్నదని జ్ఞాపకము వచ్చినప్పుడు, కానుకను విడిచి మొదట అతనియొద్దకు వెళ్లుమని ప్రభువు బోధించెను. మనము వెళ్లవలసిన గుమ్మము ఏది? ఈ ఆదివారమునకు ముందే వెళ్లుదము.