పిల్లను తెచ్చుకునే ముందు ఒక్క మాట విను

"పెద్దమ్మా, ఎవరైనా పాప ఉంటే చూడు, సాదుకుంటాం." పండక్కి పట్నం నుంచి మన పూడూరు వచ్చే మీ ఈడు పిల్లల నోట ఈ మధ్య ఈ మాట తరచు వింటున్నాను. ఒకరికి పెళ్లయి చాలా ఏళ్లయింది, ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయారు. ఇంకొకరికి ఇద్దరూ మగపిల్లలే, ఆడపిల్ల తిరగని ఇల్లేం ఇల్లంటారు. మనసు మంచిదే తల్లీ, కాదని ఎవరంటారు? కానీ ఆ "చూడు" అన్నదే నాకు నచ్చదు. పెళ్లి సంబంధమైతే పెద్దవాళ్లం చూసిపెడతాం. బిడ్డను చూసిపెట్టడానికి నేనెవరిని?

నేను చూడనంటే నువ్వు ఊరుకోవు, ఇంకెవరినో అడుగుతావు. అడిగితే చెప్పేవాళ్లకు కరువా? ఫలానా ఊళ్లో మూడో కాన్పు కూడా ఆడపిల్లేనట, సాదలేమంటున్నారట, చేతిలో ఏదో కొంత పెడితే బాండు పేపరు మీద రాసిస్తారట అంటారు. ఇద్దరు సాక్షులు, నాలుగు సంతకాలు, సాయంత్రానికి బిడ్డ మీ ఇంట్లో ఉంటుంది. ఎంత సులువో! ఆ బాండు పేపరు చట్టం ముందు చిత్తుకాగితం, బిడ్డా. పైసలు చేతులు మారాయంటే 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద అమ్మినవాళ్లకూ కొన్నవాళ్లకూ అయిదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆస్పత్రివాళ్ల చెయ్యి ఉందని తేలితే వాళ్లకు మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడుతుంది.

జైలు సంగతి పక్కన పెట్టు. 2024 మే నెలలో హైదరాబాద్ పక్కన మేడిపల్లిలో ఏమయిందో పేపర్లో చదివావు కదా. ఢిల్లీ నుంచి, పుణె నుంచి పసికందులను తెచ్చి ఇక్కడ పిల్లలు లేనివాళ్లకు అమ్ముతున్న ముఠాను రాచకొండ పోలీసులు పట్టుకున్నారు. పదిమందికి పైగా పిల్లలను, సాదుకుంటున్న ఇళ్లనుంచి తీసుకుపోయి సర్కారు శిశువిహార్‌లో పెట్టారు. ఆ అమ్మానాన్నలు గేటు దగ్గర నిలబడి ఏడ్చిన ఏడుపు టీవీలో చూశాను. ఆ గొడవ కోర్టులకెక్కింది. వాళ్లంతా చెడ్డవాళ్లని నేననను, పాపం ఆశపడ్డారు. కానీ ఆ పిల్లల మాటేమిటి? కన్నతల్లి ఒడి ఒకసారి పోయింది. ఎత్తుకుని పాలు పట్టిన చేయి రెండోసారి పోయింది. మాటలు కూడా రాని వయసులో రెండుసార్లు! మీ తొందరకు లెక్క కట్టేది ఎప్పుడూ ఆ పసిదే, గుర్తుపెట్టుకో.

ఇవాళ కొత్తగా వచ్చిన రోగం కూడా కాదిది. 1999లో, మళ్లీ 2001లో, హైదరాబాద్‌లో కొన్ని దత్తత కేంద్రాల గుట్టు రట్టయింది. తండాల్లో లంబాడీ ఆడపిల్లలను దళారులు కొద్దిపాటి పైసలకు తీసుకొచ్చి, కాగితాలు పుట్టించి, విదేశాలకు పంపుతున్నారని తేలింది. అమ్ముకున్నారని తల్లులను తిట్టినవాళ్లు చాలామంది. నేనైతే తిట్టలేను. లంబాడీల్లో పూర్వం పెళ్లికొడుకు తరఫువాళ్లే ఆడపిల్లకు ఓలి ఇచ్చేవారు. మనల్ని చూసి వాళ్లలోకీ కట్నం వచ్చింది. కట్నం వచ్చాక ఆడపిల్ల బరువయింది. వానలు లేని ఏడు నాలుగో ఆడపిల్లను ఎత్తుకున్న తల్లి గుమ్మంలోకి దళారి వచ్చి "మంచి ఇంట్లో పెరుగుతుందమ్మా" అంటే ఆమె ఏం చేస్తుంది? అందుకే చెప్తున్నా, కొనేవాడు లేకపోతే దళారికి ఆ గుమ్మంతో పనిలేదు. నువ్వు ఆ కొనేవాడివి కాకు.

మరి నిజంగానే సాదలేని తల్లి సంగతేమిటంటావా? ఆమెకూ దారి ఉంది. జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించవచ్చు. అప్పగించాక మనసు మార్చుకోవడానికి అరవై రోజుల గడువిస్తారు. చూశావా, కన్నతల్లినే తొందరపడవద్దని, రెండు నెలలు ఆలోచించుకోమని చట్టం అంటోంది. నీకేమో వచ్చే పండగలోపు ఊయల ఊగాలి!

చుట్టాల్లో తెచ్చుకోవడం వేరే సంగతి. అన్న బిడ్డను తమ్ముడు, అక్క బిడ్డను చెల్లెలు సాదుకోవడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. హిందువులకు 1956 నాటి చట్టం దానికి దారి ఇస్తుంది. బిడ్డకు పదిహేనేళ్లు దాటకూడదు, ఇచ్చే తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలి, మీ ఇంట్లో అప్పటికే ఆడపిల్ల ఉంటే ఇంకో ఆడపిల్లను ఆ చట్టం కింద తెచ్చుకోలేరు. ఒప్పుకున్నారు కదా, మనవాళ్లే కదా అని నోటిమాటతో వదిలేయకు. దస్తావేజు రాయించి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరు చేయించు. ఇవాళ ముద్దులాడే పాలివాళ్లే రేపు పొలం పంచుకునేనాడు "నీకెక్కడిది వాటా?" అంటారు. అనరని నువ్వనుకుంటావు. అంటారు. ముస్లిం ఇళ్లలో, క్రైస్తవుల ఇళ్లలో ఇదివరకు సంరక్షకులుగా ఉండటమే తప్ప దత్తత హక్కు లేకపోయేది. ఇప్పుడు బాలల న్యాయ చట్టం కింద ఏ మతంవాళ్లయినా తెచ్చుకోవచ్చు. 2014లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది.

బయటి బిడ్డ అయితే మాత్రం భద్రమైన దారి, కారా అనే కేంద్ర సంస్థ ద్వారా. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ తర్వాత ఇంటికొచ్చి చూసిపోతారు. మొగుడూ పెళ్లాం కనీసం రెండేళ్లు కలిసి కాపురం చేసి ఉండాలి. ఇద్దరు మగపిల్లలున్న వాళ్లకు, నీకే చెప్తున్నా నాయనా, 2022 నిబంధనల ప్రకారం ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, ఎవరూ తీసుకోక మిగిలిపోయిన పిల్లలు మాత్రమే దొరుకుతారు. ముద్దొచ్చే పసిపాపను ఏరుకుని తెచ్చుకుందామంటే కుదరదు. అలాంటి బిడ్డను సాదే ఓపిక మీ ఇద్దరికీ ఉందా, ఒక రాత్రంతా కూర్చుని మాట్లాడుకోండి. లేదనిపిస్తే లేదనుకోండి, అందులో సిగ్గేం లేదు. బిడ్డ చేతికొచ్చాక చివరి ఉత్తర్వు ఇప్పుడు కలెక్టరే ఇస్తారు, కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి బిడ్డ ఎలా ఉందో చూసిపోతారు. "మా ఇంటికొచ్చి మమ్మల్ని తనిఖీ చేయడమేంటి?" అని ముఖం మాడ్చుకోకు. వచ్చినవాళ్లకు చాయ్ పెట్టు, బిడ్డను చూపించు.

ఎన్నాళ్లు పడుతుందని అడుగుతావు. చిన్నబిడ్డ కావాలంటే మూడేళ్లకు పైనే. అదుగో, ముఖం వాడిపోయింది. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం కదా. ఆ కంది తొలకరికి విత్తితే సంక్రాంతి దగ్గరపడితే గాని చేతికి రాదు. పెసరలాగా రెండు నెలలకే కోస్తానంటే ఎలా?

ఆ మూడేళ్లూ ఊరికే కూర్చోమని కాదు. అప్పటిదాకా మీరు మారాల్సినవి చాలా ఉన్నాయి. రాత్రి పదింటికి ఇల్లు చేరేవాడు ఎనిమిదింటికి చేరడం అలవాటు చేసుకోవాలి. వారం వారం సీసా తెరిచేవాడు మానాలి, "బిడ్డ వచ్చాక మానేస్తా" అన్నవాళ్లను చాలామందిని చూశాను, ఒక్కడూ మానలేదు. అన్నం తినేటప్పుడు చేతిలో ఫోను ఉండకూడదు. అత్తను, మామను ముందే ఒప్పించాలి. "ఎవరి రక్తమో" అని ముసలామె రోజుకొకసారి గొణిగే ఇంట్లోకి బిడ్డను తెచ్చి పడేస్తే, నువ్వు ఎంత ప్రేమించినా ఆ గొణుగుడే దాని చెవిలో ఉంటుంది. అత్త ఒప్పుకోకపోతే ఆగు. ఆరు నెలలు పడితే పట్టనీ.

కాస్త పెద్ద పిల్లను తెచ్చుకుంటే ఇంకో సంగతి. మొదట్లో ఆ పిల్ల కడుపునిండా తిని కూడా రొట్టె ముక్క దిండు కింద దాచుకోవచ్చు. అరవకు. "దొంగబుద్ధి" అన్న మాట నీ నోటి నుంచి రానే రాకూడదు. రేపు మళ్లీ అన్నం ఉంటుందన్న నమ్మకం ఇంకా కుదరలేదన్నమాట. మంచం పక్కన స్టూలు మీద ఒక డబ్బాలో బిస్కెట్లు, పల్లీలు పెట్టు, ఎప్పుడైనా తీసుకోమను. ఖాళీ కాకుండా నింపుతూ ఉండు. కొన్నాళ్లకు ఆ డబ్బా మూత తీయడమే మరిచిపోతుంది.

తెచ్చుకున్న బిడ్డకు ఆ సంగతి చెప్పాలా వద్దా అని అందరూ నసుగుతారు. చెప్పాలి. మాటలు వచ్చినప్పటి నుంచే, కథ చెప్పినట్టు, మెల్లగా చెప్పాలి. ఊరు గుట్టు దాచదు తల్లీ. నువ్వు చెప్పకపోతే నల్లా దగ్గర ఎవరో చెప్తారు, పెళ్లిచూపుల్లో ఇంకెవరో చెప్తారు. నీ నోట వింటే అది తన కథ, వాళ్ల నోట వింటే తనను మోసం చేశారనుకుంటుంది. ఆ పిల్ల పదిహేనేళ్లప్పుడు "నన్ను కన్నదెవరు?" అని అడిగితే నీ కళ్లలో నీళ్లు రానీయకు. అడగడం దాని హక్కు. అంతమాత్రాన నువ్వు తక్కువైపోవు.

ఇంకొకటి. పిల్లల మీద ప్రేమ ఉన్నవాళ్లంతా పిల్లను ఇంటికి తెచ్చుకోవాలని రాసిలేదు. హైదరాబాద్‌లో సైదాబాద్ వైపు ఐఎస్ సదన్ చౌరస్తా మీదుగా నువ్వు రోజూ పోతుంటావు. ఐఎస్ అంటే ఇందిరా సేవా సదన్. ఘట్‌కేసర్ దగ్గర 1911లో పుట్టిన సంగం లక్ష్మీబాయి అనాథల కోసం పెట్టింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లింది, మూడుసార్లు పార్లమెంటుకు వెళ్లింది. ఎంత పెద్ద పదవిలో ఉన్నా పిల్లల పని వదలలేదు. బస్సుల్లో ఆ పేరు అరిచే కండక్టర్లకు కూడా ఆమె ఎవరో తెలియదు, అది వేరే బాధ.

మన దగ్గరికే వద్దాం. పూడూరు 2016 దాకా రంగారెడ్డి జిల్లాలోనే ఉండేది కదా. ఆ జిల్లాలోనే 1991లో శాంతా సిన్హాగారు పని మొదలుపెట్టారు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ప్రొఫెసరు, తాత మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేరు మీద ఎంవీ ఫౌండేషన్. అప్పట్లో దొరల ఇళ్లలో పశువులు కాసే పిల్లలు, పత్తి ఏరే పిల్లలు, చెల్లెల్ని చంకనెత్తుకుని ఇంటి దగ్గరుండిపోయే ఆడపిల్లలు ఎందరో. బడిలో లేని ప్రతి బిడ్డా పనిపిల్లే అన్నారావిడ, ఇంటిపని చేసే ఆడపిల్లతో సహా. పన్నెండేళ్ల పిల్లను తీసుకుపోయి ఒకటో తరగతి పసివాళ్ల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో మర్నాడే మానేస్తుంది. అందుకని శిబిరాలు పెట్టి, నెలల తరబడి అక్కడే ఉంచి చదువు నేర్పి, తన ఈడు పిల్లలున్న తరగతిలోనే చేర్పించారు. పనిలో పెట్టుకున్న ఆసామిని తిట్టలేదు, కూర్చోబెట్టి మాట్లాడారు. ఒకసారి కాదు, ఒప్పుకునేదాకా. అలా లక్షల మంది పిల్లలు బడికి చేరారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. పిల్లలను ఇంటికి తెచ్చుకోవడం కాదు ఆవిడ చేసిన పని. శిబిరం అయ్యాక వాళ్ల అమ్మానాన్నల దగ్గరే ఉంచి బడికి పంపారు. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

మన వీధిలోనే తండ్రి పోయి నానమ్మ దగ్గర పెరుగుతున్న పిల్ల ఉంటే, ఆ ఇంటినుంచి దాన్ని తెంచుకురావడం ఎందుకు? మిషన్ వాత్సల్య అనే సర్కారు పథకం కింద అలాంటి అర్హులైన పిల్లలకు నెలకు నాలుగు వేలు ఇచ్చే ఏర్పాటుంది. ఆ ముసలామెకు ఫారం నింపడం రాదు. నీకు వచ్చు. ఆదివారం పొద్దున ఒక గంట కూర్చో, చాలు. ఎక్కడైనా వదిలేసిన పసికందు కనిపిస్తే ఇంటికి ఎత్తుకుపోకు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, వాళ్లు వచ్చేదాకా దాని పక్కనే ఉండు.

ఇంత చెప్పాక కూడా తెచ్చుకుంటామంటే సంతోషమే, నాకంటే సంతోషించేవాళ్లెవరు? ఆధార్, పాన్ కార్డు, పెళ్లి సర్టిఫికెట్, జీతం కాగితాలు, డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టుకో. వికారాబాద్‌లో జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఆఫీసుంది, ముందు అక్కడికి వెళ్లి అడుగు. ఒక్కదానివే వెళ్లకు, మీ ఆయనతో కూడా సెలవు పెట్టించి తీసుకెళ్లు. ఇక మీ అత్త సంగతి నాకు వదిలెయ్. ఆవిడతో నేను మాట్లాడతాను, సాయంత్రం తీరిగ్గా ఉన్నప్పుడు ఒకసారి ఇటు రమ్మను.