మ్యూట్‌లో దేవదాసు

మా చిన్నాయిన పోయిన పదకొండో రోజు. భూపాలపల్లిలో ఇంటి ముందు టెంటు కింద కూర్చున్న చుట్టాలు ఆయన ప్రేమకథ చెప్పుకుంటున్నారు. మహబూబాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఒకమ్మాయిని ఇష్టపడ్డాడట. కులం కుదరలేదు. తాత వద్దన్నాడు. ఈయన ఒక్కసారి అడిగి చూసి ఊరుకున్నాడు. తర్వాత బొగ్గుబాయిలో పని దొరికింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఇరవై ఏళ్లకు పైగా తాగాడు. "పాపం, దేవదాసు" అన్నారెవరో. అందరూ తలలూపారు. నేను కూడా ఊపాను. తల ఊపుతూ కిటికీలోంచి చూస్తే లోపల చిన్నమ్మ బగోనెలు సర్దుతోంది.

తెలుగులో దేవదాసు అనేది ఎప్పుడో పేరు కాకుండా పోయింది. గడ్డం పెరిగినవాడు, శాలువా కప్పుకున్నవాడు, మాట్లాడనివాడు, తాగేవాడు, అందరూ దేవదాసులే. పక్కన కుక్క కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కానీ అలాంటి మనిషితో కాపురం చేసిన ఆడమనిషికి మన భాషలో పేరు లేదు. ఆ రోజు నాకు గుచ్చుకున్నది ఇదే. దాన్ని పట్టుకుని వెతుకుతూ పోతే ఒక మూకీ సినిమా దగ్గర తేలాను.

శరత్‌చంద్ర ఛటోపాధ్యాయ 'దేవదాసు'ని ఇరవైల్లో ఉన్నప్పుడు రాశాడు. అచ్చులోకి వచ్చింది మాత్రం 1917లో. పదకొండేళ్లకు, 1928లో, నరేశ్ మిత్రా దాన్ని కలకత్తాలో మూకీగా తీశాడు. ఫణి బర్మా దేవదాసు. తెరకెక్కిన మొదటి దేవదాసు అదే. పి.సి. బారువా 1935లో తీసిన బెంగాలీ టాకీ, సైగల్‌తో వచ్చిన హిందీ సినిమా, 1953 జూన్ 26న విడుదలైన మన వినోదా వారి 'దేవదాసు', 1955లో బిమల్ రాయ్ సినిమా, అన్నీ దాని తర్వాతివే.

ఆ మొదటి దేవదాసు ప్రింటు ఇప్పుడు లేదు. ఇదేమీ వింత కాదు. మన దేశంలో పదమూడు వందలకు పైగా మూకీలు తీస్తే మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టేన్ని, వాటిలోనూ చాలావరకు ముక్కలు. అప్పటి నైట్రేట్ ఫిల్ము తొందరగా అంటుకునేది, నిలవుంటే పొడిగా రాలిపోయేది. ఆట అయిపోయాక పాత రీళ్లను వెండి కోసం కరిగించేవాళ్లు. రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ మద్రాసులో 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా మిగల్లేదు.

చూడలేని సినిమా గురించి ఆలోచించడానికి నాకొక అడ్డదారి దొరికింది. 1953 నాటి మన దేవదాసుని పెట్టుకుని శబ్దం ఆపేశాను. మూడు గంటల సినిమా మొత్తం మ్యూట్‌లో.

మొదటి అరగంట నవ్వొచ్చింది. తర్వాత అసౌకర్యం మొదలైంది. ఎందుకంటే ఈ సినిమాలో దేవదాసు లోపల ఏముందో మనకు చెప్పేది ఘంటసాల. సముద్రాల మాట, సుబ్బరామన్ బాణీ, ఘంటసాల గొంతు, ఈ మూడూ కలిసి దేవదాసుకి ఒక మనసును కట్టిపెట్టాయి. ఆ గొంతు తీసేస్తే మిగిలేది అతను చేసిన పనులు మాత్రమే. అక్కినేని కళ్లు చాలా చెప్తాయి, కాదనను. తాగిన సన్నివేశాలు రాత్రిళ్లు తీశారని, నిద్రలేక కనురెప్పలు అలా వాలాయని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. కానీ పాట లేకపోతే ఆ కళ్లు కూడా అలసిపోయిన ఒక మనిషి కళ్లలాగే కనిపిస్తాయి. అతన్ని వెంటనే క్షమించాలని అనిపించదు.

ఆ పనులేమిటో వరసగా చెప్పుకుంటే కథ ఇది. అర్ధరాత్రి పార్వతి పరువు పక్కనపెట్టి అతని గదికి వస్తుంది, అడగాల్సింది అడుగుతుంది. అతను ముందు భయపడతాడు, ఎవరన్నా చూశారా అని. మర్నాడు తండ్రి దగ్గర మాటెత్తుతాడు, తండ్రి మండిపడతాడు, ఇతను పెట్టె సర్దుకుని కలకత్తా వెళ్లిపోతాడు. అక్కణ్నించి ఉత్తరం రాస్తాడు, నిన్ను అంతగా ప్రేమించానని నేనెప్పుడూ అనుకోలేదు అన్న అర్థం వచ్చేలా. మాట్లాడాల్సిన చోట ఊరుకుని, ఊరుకోవాల్సిన చోట ఉత్తరం రాశాడు. తర్వాత పశ్చాత్తాపపడి తిరిగొస్తాడు. పార్వతి తన గౌరవం తాను నిలబెట్టుకుని వద్దంటుంది. అప్పుడు చేతిలో ఉన్న గాలం కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. నవలలో ఆ మచ్చ పార్వతి బతుకంతా ఉంటుంది.

ఈ దెబ్బని మనం ప్రేమగుర్తుగా చదువుకుంటూ వచ్చాం. శబ్దం ఆపేసి చూస్తే అది దెబ్బ, అంతే.

నా ప్రశ్న ఇది. ఒక మనిషి బాధ నిజమైనదైతే, ఆ బాధలో అతను ఇతరులకు చేసినదానికి లెక్క తగ్గుతుందా? ఇంకో ప్రశ్న కూడా దీనికే అంటుకుని ఉంది. ఏమీ చెయ్యకపోవడాన్ని చేసిన పనిగా లెక్కేయొచ్చా?

రెండోది మా ఉద్యోగంలో రోజూ ఎదురయ్యేదే. ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే అది ముందుకు పోవాలి. చాలా టీముల్లో రాయని నియమం ఏంటంటే, గడువులోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. తర్వాత ఏదన్నా పగిలితే "నేనేం అనలేదు కదా" అనేవాళ్లు ఉంటారు. అదే మరి, అనకపోవడం వల్లనే అది ముందుకు పోయింది. దేవదాసు విషయంలోనూ అంతే. అతను ఊరుకోవడం వల్ల నిర్ణయం ఆగిపోలేదు. తండ్రి నిర్ణయమే అతని నిర్ణయం అయిపోయింది, ఖర్చు మాత్రం పార్వతి మీద పడింది.

అయితే అన్ని మౌనాలూ ఒకటి కాదు. మూకీలో అందరూ సమానంగా మూగవాళ్లే. జమీందారు పెదవులు కదుపుతాడు, పనివాడూ కదుపుతాడు, ఎవరి మాటా వినపడదు. తేడా ఎక్కడంటే, ఎవరి మాట కోసం బొమ్మ ఆపి మధ్యలో కార్డు వేస్తారన్న దగ్గర. ఆ రోజుల్లో కార్డుల మీద రెండు మూడు భాషల్లో మాటలు రాసేవాళ్లు, చదువు రానివాళ్ల కోసం హాల్లో ఒకరు గట్టిగా చదివి వినిపించేవారు. కార్డు పడని మనిషికి తెరమీద గొంతు లేనట్టే.

నేను జనగామలో పెరిగాను. ఆ మాట ఇక్కడ ఎందుకంటే, దేవదాసు ఎవరో మేం మర్చిపోకూడదు. దేవదాసు జమీందారు కొడుకు. మా భాషలో దొరబిడ్డ. మా జనగామ పక్కన కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకి దొడ్డి కొమరయ్య చనిపోయింది 1946 జూలై 4న. సాయుధ పోరాటం విరమించింది 1951లో. ఆ తర్వాత రెండేళ్లకే దేవదాసు వచ్చింది. గడీకి బండెడ్లు కట్టి వెట్టిచేసిన ఊళ్ల జనం, టాకీసులో కూర్చుని దొరబిడ్డ కోసం ఏడ్చారు. మా నాయనమ్మ కూడా ఏడ్చిందట. చిన్నప్పుడు ఇది విని మురిసిపోయాను. పెద్దయ్యాక కొంచెం కోపం వచ్చింది. ఇప్పుడు రెండూ ఉన్నాయి.

కోపం ఎందుకంటే, మ్యూట్‌లో చూస్తున్నప్పుడు నాకు ధర్మన్న కనిపించాడు. దేవదాసు వెంట ఉండే నౌకరు. శబ్దం ఉన్నప్పుడు నేనెప్పుడూ అతన్ని పట్టించుకోలేదు. ఆ తర్వాత నవల మళ్లీ తీసి చూస్తే, చివరి ప్రయాణమంతా ఇలాంటి వాళ్లే. రైల్లో నిద్రపోతున్న ధర్మదాసుని వదిలేసి దేవదాసు దిగిపోతాడు. పార్వతి అత్తవారి ఊరికి అతన్ని చేర్చేది ఒక ఎడ్లబండివాడు. పార్వతి గుమ్మం ముందు చనిపోయాక కులం తెలియని శవమని ఊళ్లో ఎవరూ ముట్టుకోరు. చివరికి ఊరు అంటరానివాళ్లన్న మనుషులే మోసుకెళ్లి, ఎండిన చెరువు గట్టున సగం కాల్చి వదిలేస్తారు. దేవదాసుని ఆఖరున తాకినవాళ్లకి పేర్లు లేవు. తెరమీద మనకు గుర్తుండిపోయేదేమో పార్వతి ముందు మూసుకునే తలుపు.

మౌనాల తేడా అర్థం కావాలంటే మా పాలకుర్తి ఐలమ్మని పక్కన పెట్టి చూడాలి. కౌలు భూమి పంటని దేశ్‌ముఖ్ ఎత్తుకుపోబోతే ఎదురు తిరిగిన చాకలి ఐలమ్మ. నోరు తెరిస్తే ఆమె పోగొట్టుకోవడానికి పంట ఉంది, ఇల్లు ఉంది, పిల్లల ప్రాణాలున్నాయి. అయినా తెరిచింది. సంఘం వాళ్లు తోడొచ్చి పంటని ఆమె ఇంటికి చేర్చారు. దేవదాసు పోగొట్టుకునేదల్లా తండ్రి ఆదరణ, కొంత ఆస్తి. నోరు తెరవలేని మనిషి మౌనాన్ని ఎవరూ తప్పు పట్టరు. తెరవగలిగీ ఊరుకున్నవాడి మౌనాన్ని మాత్రం విషాదం అని పిలిచి వదిలేయలేం.

దీనికి ఎదురువాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. జాలి ఏమీ రేషన్ బియ్యం కాదు, ఒకరికి పెడితే ఇంకొకరికి తక్కువ పడటానికి. గడీకి వెట్టిచేసిన ఇంట్లోంచి వచ్చిన మా నాయనమ్మ దొరబిడ్డ కోసం ఏడవగలిగిందంటే, ఆ గడీలో ఎవరికీ లేని గొప్పతనం ఆమెకుందన్నమాట. పైగా దేవదాసు కూడా అదే కులం, అదే హోదా లెక్కల కింద నలిగినవాడే. శరత్ కూడా నవల చివర్లో మనల్ని అడిగేది తీర్పు కాదు, ఇలాంటి అభాగ్యుడి కోసం ఒక ప్రార్థన, చావు వేళ నుదుటి మీద ఒక మంచి చెయ్యి. ఆ మాట చదివి కదలని మనిషి నైతికత గురించి వ్యాసాలు రాయకపోవడమే మంచిది.

ఒప్పుకుంటాను. కానీ జాలి వేరు, మాఫీ వేరు. బాధపడుతున్న మనిషికి జాలి ఇవ్వడం నా ఇష్టం, నా చేతిలో ఉన్న పని. మాఫీ మాత్రం నేను ఇచ్చేది కాదు. నుదుటి మీద మచ్చ ఎవరిదో వాళ్లివ్వాలి. పార్వతి ఇచ్చిందనే అనుకుందాం, అది ఆమె ఔదార్యం. ప్రేక్షకుడిగా ఆమె తరఫున సంతకం పెట్టే హక్కు నాకెక్కడిది? పాట చేసే మోసం ఇక్కడే ఉంది. మూడు నిమిషాల్లో జాలినీ మాఫీనీ కలిపి తాగించేస్తుంది. ఆ పాటలు గొప్పవి కాబట్టే జాగ్రత్త అవసరం. చెడ్డ పాటైతే ఈ బెంగ ఉండేది కాదు.

జాలి రేషన్ కాదు గానీ, చెవి రేషనే. ఒక టెంటు కింద ఒక సాయంత్రం ఒకరి కథే నడుస్తుంది. ఎవరి కథ చెప్పుకుంటున్నామో అక్కడే ఇంకెవరి కథో ఆగిపోతోంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాకి ఎదురు తిరిగారు. మరుసటి ఏడాది ప్రభుత్వం సారా నిషేధించాల్సి వచ్చింది. ఆ ఆడవాళ్లు చెప్పిన కథలన్నీ తాగే మగవాళ్ల ఇళ్లలోవే. అందులో ఎవరికీ దేవదాసు కనిపించలేదు. కూలి డబ్బు, దెబ్బలు, పిల్లల ఆకలి కనిపించాయి. ఒకే జీవితాన్ని రెండు వైపుల నుంచి చూస్తే ఒకవైపు పాట, ఇంకోవైపు లెక్క.

దీనర్థం దేవదాసు చూడొద్దని కాదు. నేను మళ్లీ చూస్తాను, ఈసారి శబ్దంతోనే. అయితే ఒక్కసారైనా శబ్దం లేకుండా చూసినవాడికి ఆ పాట వేరేగా వినిపిస్తుందని చెప్పగలను. అది దేవదాసు గొంతు కాదని, అతనికి మనం అరువిచ్చిన గొంతని తెలుస్తుంది. అరువివ్వడం తప్పు కాదు. ఎవరెవరికి ఇవ్వలేదో గుర్తుంచుకోకపోవడం తప్పు.

ఆ రోజు టెంటులో చుట్టాలు లేచాక నేను లోపలికెళ్లి చిన్నమ్మ పక్కన కూర్చున్నాను. బయట అనుకున్న మాటలు ఆమెకు వినిపించే ఉంటాయి. ఆ ప్రేమ సంగతి నీకు ముందే తెలుసా అని అడిగాను. తెలుసంది. పెళ్లయిన నెలకే ఆయనే చెప్పాడట. మరి నువ్వేమన్నావంటే, చేతిలో ఉన్న గిన్నె బోర్లించి, "ఏమంట? గాయినకు కథున్నది. నాకు పనుండె" అన్నది.

తర్వాత చాలాసేపు మాట్లాడింది. ఆమె చెప్పిందంతా ఇక్కడ రాయను, అది ఆమెది. ఆ సాయంత్రం నేను తల ఊపలేదు, విన్నాను.