ఎవరును చూడని మంచి

తన్నెవరును చూడనప్పుడు మనుష్యుడు చేయు మంచియే నిజమైన మంచి యని పెద్దలు చెప్పుదురు. మేమును చిరకాలము అట్లే తలచుచుంటిమి. సభలలోను సంతలలోను నలుగురి యెదుట చేయు దానమునందు కీర్తికాంక్ష యొకింతయైన కలియక మానదు. చీకటిలో చేసిన దానమునకు ఆ కల్తీ యుండదు. ఈ మాట అబద్ధమని మేమిప్పుడును అనము. కాని గడచిన వేసవిలో మా యింటికి వచ్చిన యొక ఆడుబిడ్డ చెప్పిన సంగతి విన్నది మొదలు, ఈ సూత్రము సంపూర్ణము కాదేమో యను సందేహము మమ్ము వదలకున్నది. ఎవరైన చూచినంతనే నిలువలేక పారిపోవు మంచి యొకటి కలదు. దాని నేమని పిలువవలెను?

ఆ బిడ్డ మా మిత్రుని కుమార్తె. వారిది భద్రాచలమునకు ఎగువను, దుమ్ముగూడెము ప్రాంతమున, గోదావరి యొడ్డునున్న పల్లె. ఖమ్మమునుండి పోవువారికి కొత్తగూడెము దాటిన పిదప అడవి దట్టమగును; గోదావరి వంతెన దాటి భద్రాచలము చేరి, అచ్చటినుండి నది వెంబడి పోవలెను. క్రిస్మస్ పండుగ ఆ యడవి సీమకు వచ్చిన కథ చిత్రమైనది. గోదావరిమీద పడవలను మధ్యపరగణాలవరకు నడపవలెనని సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన కాలమున, నదిలోని బండలు దారి కడ్డుపడిన మొదటి చోటు దుమ్ముగూడెము. అచ్చట ఆనకట్టయు కాలువయు లాకులును కట్టింపవచ్చిన ఇంజనీరు హేగ్ దొర పూనికచేత 1860 ప్రాంతమున కోయల నడుమ మిషను వెలసెను. పడవల పనులు 1871లో ఆగిపోయినవి. మిషను మాత్రము నిలిచినది. తరువాత వచ్చిన జాన్ కేన్ దొర భార్యతో గూడ అచ్చటనే అనేక వత్సరములు కాపురముండి, కోయభాష నేర్చి, సువార్త భాగములను ఆ భాషలోనికి మార్చెను. భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి ఆయన వ్రాసిన వ్యాసములు 1876 మొదలు ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వెలువడినవి. మిషను స్త్రీలు అచ్చటి ఆడువారికి లేసు అల్లుట నేర్పిరి. ఈ బిడ్డయొక్క అమ్మమ్మ ఆ లేసు అల్లియే పిల్లలను చదివించినది.

సముద్రముల కవతలినుండి వచ్చిన దంపతులు మన యడవిలో తమ పండుగను తాము చేసికొన్న కాలమది. నేడు ఆ యడవి పల్లెలో పుట్టిన పిల్ల భర్తతో గూడ ఇంగ్లండునకు పోయి అదే పండుగను అచ్చట చేసికొనుచున్నది. భేద మొక్కటి కలదు. ఆనాటి దొరల యిండ్లలో వంటవాడు వేరు, నీళ్లవాడు వేరు, బట్టలుతుకువాడు వేరు. వీరి యింటిలో నున్నవి నాలుగు చేతులే.

ఆమె యొక ఆసుపత్రిలో నర్సు. భర్త సామానుల గిడ్డంగిలో పనిచేయును. వారుండునది ఆ దేశపు ఉత్తరభాగమున నొక పట్టణము. డిసెంబరులో అచ్చట సాయంకాలము నాలుగు గంటలు కాకమునుపే చీకటి పడును. ఇరువదియైదవ తేదీన రైళ్లు నడువవు. బస్సులును చాలవరకు నిలిచిపోవును. పండుగనాడు వారి తలుపు తట్టువారెవరును లేరని దీనివలన తెలియుచునే యున్నది. వారి పల్లెలో నట్లు కాదు. వెదురుగడకు నక్షత్రము కట్టి యింటిమీద నెత్తుట, రాత్రి రెండవ జామువరకు కుర్రవాండ్రు డప్పుతో పాటలు పాడుచు గడపగడపకు తిరుగుట, గోడలకు సున్నము వేయుట, హిందువుల యిండ్లకును కోయల యిండ్లకును పళ్లెములతో పిండివంటలు పంపుట. ఏ యింటి అరిసె మెత్తనైనదో, ఏ యింటి అరిసె రాయియైనదో వారము దినములవరకు ఊరంతయు చెప్పుకొనును.

పరదేశమున మొదటి యేడు ఆమె కొట్టులో దొరకిన పొడి బియ్యపుపిండితో అరిసెలకు పూనుకొన్నది. నూనెలో వేయగానే అవి విచ్చిపోయినవట. అరిసెకు తడి యారని పిండి కావలెనని మన యిండ్లలో తెలియనివారు లేరు. మరుసటి యేడు బియ్యము నానబోసినారు. ఆమెకు ఆ వారమంతయు రాత్రి విధులు. కావున బియ్యము వడగట్టినవాడు భర్త, చిన్న మిక్సీలో గుప్పెడు గుప్పెడుగా వేసి పట్టినవాడు భర్త, జల్లించినవాడును అతడే. బెల్లపు పాకము చల్లని నీటిలో వేసినచో వ్రేళ్ల నడుమ మెత్తని యుండ కట్టవలెను. కట్టకమునుపు దింపినచో అరిసె చెదరును. ముదిరినచో పండ్లకు పరీక్ష. ఈ పదును కనిపెట్టుటలో తనకన్న తన భర్తయే నేర్పరి యయ్యెనని ఆమె నవ్వుచు చెప్పినది. అరిసెల చెక్కలు లేవు గనుక రెండు అట్లకాడల నడుమ నొత్తి నూనె పిండినారు. ఆ దేశపు ఇండ్లలో పైకప్పునకు బిగించిన యొక యంత్రము పొగ తగులగానే చెవులు పగులునట్లు మొరయును. అది మొరసినప్పుడెల్ల అతడు తువాలుతో విసరుచు గెంతుటయు, ఆమె పొట్ట పట్టుకొని నవ్వుటయు. బల్లమీద అమ్మమ్మ అల్లిన లేసుగుడ్డ పరచి, దానిమీద అరిసెల పళ్లెము పెట్టిరి. తినువా రిద్దరే. ఇంతవరకు మేము విన్నది ఆనందముతో విన్నాము. ముప్పదియేండ్లు స్త్రీ పురుషుల సమానత్వమును గూర్చి వ్యాసములు వ్రాసినను మా యూరిలో నొక మగవానిచేత పిండి జల్లింపించలేకపోతిమి. పరదేశపు చలి ఆ పని రెండు వత్సరములలో చేసినది గదా యనుకొంటిమి.

అప్పుడు ఆమె ఫోను సంగతి చెప్పినది. అచ్చట మధ్యాహ్నము ఒంటిగంట యగునప్పటికి ఇచ్చట సాయంకాలము ఆరున్నర. ఆ వేళకు అత్తగారు ముఖము కనబడు ఫోను చేసినది. మ్రోత వినగానే భర్త పొయ్యి యొద్దనుండి తొలగి, చేతులు కడిగికొని, పిండి యంటిన చొక్కా మార్చి, ముందుగదిలో కుర్చీమీద కూర్చుండెను. గరిటె ఆమె చేతికి వచ్చినది. అత్తగారు పళ్లెము చూచి, "ఒక్కదానివే ఇన్ని చేసినావా తల్లీ! రాత్రులు డ్యూటీ చేసి మళ్లీ ఈ చాకిరీ! నా కోడలు బంగారం" అని కన్నీరు పెట్టుకొన్నదట. కుర్చీలోని కుమారుడు చిరునవ్వు నవ్వుచుండెను.

"ఆ మెప్పు నాకు దొంగసొమ్ములాగా ఉండింది బాబాయీ" అని ఆమె మాతో ననెను. ఉన్నమాట చెప్పవలసినదని మేమంటిమి. "చెప్తే అత్తమ్మ ఆయన్నంటుందా? నా కొడుకు చేత పొయ్యి దగ్గర చాకిరీ చేయిస్తున్నదని నన్నే అంటుంది" అని బదులు చెప్పినది. మేము మారుమాట పలుకలేకపోతిమి.

పాఠకులు ఈ సంగతిని చిన్నదని త్రోసివేయవలదు. ఆ భర్త చెడ్డవాడు కాడు. మా చిక్కంతయు నదియే. చెడ్డవాడైనచో ఈ వ్యాసమే యవసరము లేదు. అతడు ప్రేమతోనే పిండి పట్టినాడు, ఎవరును చూడని చోట పట్టినాడు. పైనుదహరించిన సూత్రము ప్రకారము ఇంతకన్న నిర్మలమైన ధర్మము మరియొకటి యుండరాదు. అయినను ఆ కుర్చీ మా మనస్సునకు నచ్చలేదు.

కొంత విచారించిన మీదట మాకు తోచినది చెప్పుచున్నాము. మంచిని దాచుట రెండు విధములు. లోకము మెచ్చుకొనునని దాచుట యొకటి. లోకము నవ్వునని దాచుట మరియొకటి. మొదటివాడు తనకు రాదగిన కీర్తిని వదలుకొనుచున్నాడు. ఆ నష్టము అతనిది. రెండవవాడు తనకు రాదగిన నవ్వును తప్పించుకొనుచున్నాడు. ఆ తప్పించుకొనుటకు అబద్ధ మొకటి కావలెను, ఆ యబద్ధమును మోయుటకు మరియొకరు కావలెను. ఇచ్చట మోసినది భార్య. పొయ్యి దగ్గరి పని పంచుకొన్నవాడు దాని నింద మాత్రము పంచుకొనలేదు. క్రైస్తవులకు ఇది కొత్త సంగతి కారాదు. మత్తయి సువార్తలోని కొండమీది ప్రసంగమునందే, ధర్మము గుప్తముగా చేయుమను బోధయు, దీపమును మరుగుపెట్టవలదను బోధయు ఒకదాని దగ్గర నొకటి యున్నవి. ఆ రెండింటిని విరుద్ధములని కొందరందురు. మెప్పు వచ్చుచోట మొదటిదియు, నవ్వు వచ్చుచోట రెండవదియు పనికివచ్చునని మే మిప్పుడు తెలిసికొంటిమి.

దుమ్ముగూడెమునకు ఎగువనే పర్ణశాల కలదు. సీతారాములు వనవాసమున నచ్చటనే కాపురముండిరని మా ప్రాంతమువారి నమ్మకము. సీతమ్మ చీర లారవేసిన గురుతులని బండలమీది చారలను నేటికిని చూపుదురు. వాల్మీకమున లక్ష్మణుడు అడవికి బయలుదేరునప్పుడే పలుగును గంపయు చేబూనెదనని తానే చెప్పును. పంచవటిలో మన్ను త్రవ్వి, కర్రలు నిలిపి, ఆకులు కప్పి యిల్లు కట్టినవాడును అతడే. అయోధ్యలో రాజపుత్రుడు పలుగు పట్టియుండునా? చూచువారు లేని యడవిలో ఆ దంపతులకును తమ్మునికిని పని యొక యవమానము కాలేదు. కాని ఆ కథ అడవిలో ముగియలేదు. నగరమునకు మరలిన పిదప లోకుల మాటకు వెరచి రాముడు సీతను విడిచెనని ఉత్తరకాండ చెప్పుచున్నది. ఉత్తరకాండము వాల్మీకి రచన కాదను పండితులును కలరు, భద్రాద్రి నీడను బ్రతుకు మాకు ఈ వాక్యము వ్రాయుటకు చేయి వెనుకాడుచున్నది. అయినను ఆ కాండ వ్రాసినవా రెవరైనను ఒక సత్యము నెరిగినవారే: అడవిలో ఇద్దరి నడుమ నిలిచిన నమ్మకము నలుగురి కన్నులు పడినప్పుడే పరీక్షకు వచ్చును.

ఇదే గోదావరికి దిగువను, రాజమహేంద్రవరమున, 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము చేయించిరి. చాటుగా చేయించియున్నచో ఆ వధూవరులకు సుఖము కలిగియుండునేమో గాని, మరియొక వితంతువునకు ధైర్యము కలిగియుండదు. ఊరందరికి తెలియునట్లు చేయించిరి గనుకనే వెలి వచ్చినది, వంటవారును నీళ్లవారును విడిచిపోయిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుండి నీళ్లు మోసి, వంటచేసి, పెండ్లివారిని నిలిపిరి. ఆ మహత్కార్యమునందును కడవయు కట్టెల పొయ్యియు స్త్రీ పాలనే పడినవని మేమిచ్చట చెప్పక తప్పదు.

మా సంగతి చెప్పకుండ ఇతరుల కుర్చీని నిందించుట న్యాయము కాదు. కొన్ని యేండ్ల క్రిందట మా యింటియామె జ్వరముతో పది దినములు మంచము పట్టినప్పుడు మేమే వండితిమి. వీధి తలుపు గడియ పెట్టుకొని వండితిమి. ఒకనాడు పొరుగామె చింతపండునకై వచ్చి తలుపు కొట్టగా, చేతిలోని గరిటెను క్రింద పెట్టి, పత్రిక చేతబట్టుకొని తలుపు తీసితిమి. "అక్కయ్య లేచిందా? వంటవాసన వస్తున్నది" అని ఆమె యడిగినది. లేచినదంటిమి. మంచముమీద నున్నవారు ఆ మాట విన్నారు. ఆ పది దినముల సేవను గూర్చి ఆమె నేటికిని మెచ్చుకొనును; ఆ "లేచినది" అను మాటను గూర్చి యెన్నడును ఎత్తలేదు.

ముసలితల్లి మనస్సు నొచ్చునని గదా కుమారుడు దాచినాడు, అది కరుణయే కదా యని యొక మిత్రుడు మాతో వాదించెను. వాదము త్రోసివేయదగినది కాదు. పెద్దల కాలము వేరు; వారి కన్నుల కలవాటు లేనిదానిని పండుగపూట వారి ముందు పెట్టుట క్రూరమనిపించవచ్చును. కాని ఆ తల్లి ఎవరు? నలుబదియేండ్లు రోకలి పోటు వేసి అరిసెల పిండి దంచిన మనిషి. కోడలి రాత్రి చాకిరిని తలచుకొని కన్నీరు పెట్టిన మనిషి. కొడుకు చేయి వేసినాడని తెలిసిన నామె నొచ్చుకొనునని మనమే నిర్ణయించి, ఆమెను అడుగకుండనే ఆమెకు చిన్నమనస్సును అంటగట్టుచున్నాము. తల్లిని కాపాడుచున్నా మనుకొనుచు కాపాడుకొనునది మన కుర్చీని కాదుగదా? నారుమడిలో నారు ఎంత పచ్చగా నున్నను, అచ్చటనే విడిచినచో వెన్ను వేయదు. పీకినప్పుడు వాడును, నాటిన మూడునాళ్లు వంగియుండును. రైతు అందులకు జంకి నాట్లు మానుకొన్నాడా?

ఈ మాటలు మేము ఆ బిడ్డతో నంటిమి. ఆమె విని, "నాతో కాదు బాబాయీ, ఆయనతో చెప్పండి" అన్నది. నిజమే. అతడు మాకు వరుసకు అల్లుడు. అల్లునితో పొయ్యి సంగతి మాటలాడుటకు మాకును నోరు రాలేదు. ఫోనులో రెండుమారులు మాటలాడి, అచ్చటి చలిని గూర్చి అడిగి ఊరకుంటిమి.

ఈ డిసెంబరున వారిద్దరును సెలవు పెట్టి పల్లెకు వచ్చుచున్నారు. మాకును పిలుపు వచ్చినది. మర యాడించిన పిండి కాదు, రోట దంచిన పిండియే కావలెనని అతడు తల్లికి కబురు పంపెనట. ఎన్ని కిలోల బియ్యము నానబోయవలెనో, బెల్ల మెచ్చట తేవలెనో కూడ చెప్పెనట. పాకము దగ్గర నెవరు నిలుచుందురో ఆ కబురులో లేదు. మేము మాత్రము ఇరువదిమూడవ తేదీ సాయంకాలమునకే పోవలెనని నిశ్చయించుకొంటిమి. రోలు వారి వాకిటనే, ఊరందరికి కనబడునట్లున్నది, రోకళ్లు రెండున్నవి.