చేదు మాట చెప్పగల పెద్దరికం

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

మీ బడిలో భాగ్యరెడ్డి వర్మ గారి సభ పెడుతున్నారనీ, నీ ఉపన్యాసం నన్ను రాసిమ్మనీ అడిగావు. ఆయన జయంతి మే 22, వేసవి సెలవుల్లో పడుతుంది. బడి తెరిచాక జరుపుకోవడం బాగుంది. ఉపన్యాసం మాత్రం నేను రాసివ్వను బిడ్డా. నాకు ముఖ్యమనిపించింది చెబుతాను, మాటలు నువ్వే కూర్చుకో.

ఆయన 1888లో హైదరాబాద్‌లో దళిత కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరి, అక్కడే చదువు రుచి మరిగారు. 1906లో, పద్దెనిమిదేళ్ళకే, జగన్మిత్ర మండలి పెట్టారు. వాడల్లో హరికథలు చెప్పించి, వినడానికి చేరిన తనవాళ్ళతోనే అన్నారు: తాగుడు మానండి, పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యకండి, దేవుడి పేరు చెప్పి ఆడపిల్లల్ని జోగినులుగా వదలకండి. ఎదుటివాణ్ణి తిట్టిపోస్తే మనవాళ్ళు చప్పట్లు కొడతారు. తాగుడు మానమంటే ఆ చేతులే లేవవు. అయినా చెప్పారు.

చెప్పే హక్కు పనితో సంపాదించుకున్నారు. పిల్లల్ని బడికి పంపమని అడిగేముందు బడి ఉండాలి కదా! 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో చందాలతో బడులు తెరిచారు. కొలువు భాష ఉర్దూ అయిన నిజాం రాజ్యంలో అక్కడ తెలుగులో చదువు చెప్పించారు. పోనుపోను అవి 26 అయ్యాయి. చివరికి వాటిని సర్కారే తీసుకుంది.

తనవాళ్ళకు బుద్ధులు చెప్పి, పైవాళ్ళ ముందు తలొంచే పెద్దమనుషులు కొందరుంటారు. ఈయన ఆ కోవ కాదు. 1917 నవంబరులో బెజవాడలో, మైలవరం నాటకశాలలో పంచమ మహాజన సభ జరిగింది. వచ్చినవాళ్ళు ఎక్కడ గుడిమెట్లు ఎక్కుతారోనని కనకదుర్గమ్మ గుడి తలుపులు మూసేశారు. ఆ ఊళ్ళోనే, అధ్యక్ష పీఠం మీద నిలబడి, మేం అయిదో కులం కాదు, ఈ నేలకు తొలి మనుషులం అన్నారాయన. సభ పేరే ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1931 జనాభా లెక్కల నాటికి నిజాం రాజ్యంలో దళితులు ఆది హిందువులుగా నమోదయ్యారు.

ఇంట్లోవాళ్ళకు చేదు మాట, బయటివాళ్ళకు ఎదురు మాట. రెండూ ఒకే నోట రావాలి. మొదటిది లేని నాయకుడు మనల్ని మెప్పించి ఓట్లు అడుగుతాడు. రెండోది లేనివాడు మనల్నే తప్పుపట్టి పైవాళ్ళ మెప్పు పొందుతాడు.

నీ వయసులో ఇదెలా అంటావా? మీ క్లాసులో ఓ పిల్లను అందరూ దూరం పెడుతున్నారనుకో. ముందు వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చో, రాని లెక్క చెప్పు. ఆ తర్వాత నీ జట్టుకు చెప్పు, ఇది తప్పని. తప్పు టీచరుదైతే, నమస్కారం పెట్టే టీచరుకూ చెప్పు. కొన్నాళ్ళు నీతో ఎవరూ మాట్లాడకపోవచ్చు. ఓర్చుకో.

1939లో ఆయన పోయారు. చాదర్‌ఘాట్‌లో ఆయన కట్టించిన ఆది హిందూ భవన్‌లోనే తర్వాత ఆయన పేరుతో ఆడపిల్లల బడి నడిచింది. విగ్రహం కన్నా అదే ఆయనకు తగిన గౌరవమని నా అభిప్రాయం.

సభలో పుట్టిన తేదీ, బిరుదులు ఒక్క వాక్యంలో ముగించు. ఆ 26 బడుల సంగతి మాత్రం నిదానంగా, వెనక బెంచీకి వినపడేలా చెప్పు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య