మౌనము అబద్ధమగునా?

అబద్ధమాడరాదని అందరును ఎరుగుదురు. చెప్పవలసిన నిజమును చెప్పకుండుట అబద్ధమగునా, కాదా అను ప్రశ్న మాత్రము అంత సులభముగా తెగునది కాదు. అది నాకు ఏ శాస్త్రగ్రంథమునందును ఎదురు కాలేదు; బెంగుళూరులో నా యింటి ముంగిట, పాత బండి క్రింద, నూనె మరక రూపమున ఎదురైనది.

అది 18 ఏండ్లు మా కుటుంబమును మోసిన జీపు వంటి పెద్ద డీజిలు బండి. సొంత వాహనముల రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. ఆపైన పరీక్ష చేయించి 5 ఏండ్లకొకమారు పొడిగించుకొనవలెను. మాది ఒకమారు పొడిగింపు పొందినది. ఇక అమ్మివేయుదమని తలచుచుండగా ప్రతి ఉదయమును నేలపై అరచేతి వెడల్పున నల్లని మరక కనబడసాగినది.

మోటారు విడిభాగముల అంగళ్లకు ఈ నగరమున జె.సి. రోడ్డు పేరుపడినది. ఆ చుట్టుపట్ల నున్న ఒక మెకానిక్కు వద్దకు పోతిని. అతడు వంగి చూచి, “ఇంజను నీళ్లతో కడిగించేయండి సార్, అద్దంలా మెరుస్తుంది. కొనేవాడు చూసుకుంటాడు, మీకెందుకు?” అనెను. అతని మాటలో కపటము లేదు, లోకరీతి యున్నది.

మనసొప్పక మరియొక వృద్ధుడైన పనివాని కడకు పోతిని. విచిత్రమేమన, ఆయనయు మొదట “కడగాలి సార్” అనియే చెప్పెను. కాని ఆయన ఉద్దేశము వేరు. నూనె పుట్టిన చోటనే బొట్టుగా రాలదు. గాలికి వెనుకకును, బరువుకు క్రిందికిని ప్రాకి ఎక్కడనో రాలును. మురికి పట్టిన ఇంజనుపై దాని జాడ దొరకదు. కనుక కడిగి, ఆరనిచ్చి, కొంత దూరము నడపి, టార్చిలైటు వేసి చూడవలెను. తడిసిన చోట్లలో అన్నిటికంటె ఎత్తున నున్నదే మూలము.

మా బండిలో ఇంజనుకును గేరుబాక్సుకును నడుమ తడి కనబడినది. అచ్చటి ఆయిల్ సీలు పోయినదని తలచినచో గేరుబాక్సు దింపవలెను. అది పెద్ద ఖర్చు. ఆయన జాడ పట్టి పైకి పోగా మూలము ట్యాపెట్ కవరు వెనుక అంచున తేలినది. అంతటితోను ఆగక బ్రీదరు గొట్టము విప్పి చూపెను. లోన మడ్డి పేరుకొని మూసికొనిపోయినది. ఇంజను లోపలి ఆవిరులు వెలువడు దారి అది. అది మూతపడినచో లోన ఒత్తిడి హెచ్చి, బలహీనమైన అతుకును వెదకికొని నూనెను బయటికి త్రోయును. గాస్కెట్టు మాత్రమే మార్చినచో కొన్నాళ్లకు మరియొక చోట కారును.

చుక్కయే గదా యని త్రోసివేయరాదు. వేడెక్కిన సైలెన్సరు గొట్టముపై పడిన నూనె నిప్పంటుకొనవచ్చును. నూనె మట్టము మిక్కిలి తగ్గినచో నడిబాటలో ఇంజను బిగిసిపోవును.

ఇద్దరును చెప్పినది ఒకే కడుగుట. ఒకటి చూచుటకు, మరియొకటి చూడనీయకుండుటకు. మరి కడిగించకయే ఊరకుందునేని?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 17వ సెక్షను ఈ సంగతినే విచారించినది. గుఱ్ఱమునకు లోపమున్నదని ఎరిగియు ఒకడు నోరు మెదపక వేలములో అమ్మినచో అది మోసము కాదట. కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన కూతురైనచో మాత్రము చెప్పుట విధియట. తెలిసిన లోపమును పూనికతో మరుగుపరచుట ఎవరియెడనైనను మోసమే. అనగా మొదటి కడుగుట చట్టమునకే విరుద్ధము. వట్టి మౌనమును చట్టము సహించును. కాని కూతురికి చెప్పవలసినది పరాయి బిడ్డకు చెప్పనక్కరలేదా?

భారతమున ధర్మరాజు “ఏనుగు” అను మాటను ద్రోణునికి వినబడకుండ పలికెను. ఏనుగు చచ్చిన మాట నిజమే. ఐనను అంతవరకు నేలకు నాలుగంగుళముల ఎత్తున నడచిన ఆయన రథము ఆనాడు నేలను తాకినది. వినబడని నిజము నిజముగా చెల్లలేదు.

అట్లని అమ్మువాడు ప్రతి గీతను ఏకరువు పెట్టవలెనని నేననను. అరిగిన టైరును, సొట్టపడిన తలుపును కొనువాడు తన కంటితో చూడగలడు. వానిని గూర్చి ఊరకుండుట బేరము. నేనొక్కడనే ఎరిగినదియు, అతని ప్రాణమునకు ముప్పు తేగలదియు చెప్పకుండుట మోసము. నాకు తోచిన గీటు ఇది.

బండి చూడవచ్చిన యువకుడు అనంతపురము వైపువాడు. తల్లిని, పిల్లలను తరచు ఊరికి తీసికొనిపోవుటకని అడిగెను. ఆ గొట్టమును చేతికిచ్చి ఉన్నది చెప్పితిని. అతడు మరునాడు ఫోను చేసి, “వద్దులెండి సార్” అనెను. తరువాత మరమ్మతు చేయించి, రసీదుతో సహా మరియొకరికి తక్కువ ధరకు అమ్మితిని. నాకు నష్టమే కలిగినది. సత్యమువలన లాభము కలుగునని చెప్పుటకు నేనిది వ్రాయలేదు. పాత బండి అమ్మదలచిన వారు ఇంజనును తప్పక కడిగింపవలెను. కొనువానిని ప్రక్కన నిలుపుకొని, నడపి చూపుటకు కడిగింపవలెను.