జీవలక్షణము - వర్ణసాక్ష్యము

ప్రాణమును కన్నులార చూచినవారు లేరు. శ్వాసను చూతుము, చలనమును చూతుము, ఒంటి వేడిమిని తాకి తెలిసికొందుము. ఈ గుర్తుల వెనుక నున్నదానిని ప్రాణమని వ్యవహరింతుము. గుర్తును బట్టి వస్తువును ఎంతవరకు ఎఱుగవచ్చునన్నది మన దర్శనకారులను చిరకాలముగా వేధించిన ప్రశ్న. న్యూట్రల్ రెడ్ అను ఒక రంజకద్రవ్యపు వర్తనమును శ్రద్ధతో పరిశీలించినచో ఈ ప్రశ్నకు కొంత వెలుగు లభించునని నా విశ్వాసము.

వేదాంతులు లక్షణమును స్వరూపలక్షణమనియు తటస్థలక్షణమనియు రెండు తెఱగుల విభజించిరి. వస్తువుతో ఎన్నడును ఎడబాయనిది మొదటిది. వెలుపలనుండి వస్తువును గుర్తు పట్టించి తాను తొలగిపోవునది రెండవది. దేవదత్తుని ఇల్లేదని అడిగినవానికి, కాకి వ్రాలియున్న ఆ ఇల్లని చూపుదురు. కాకి ఎగిరిపోయినను ఇంటికి లోటు లేదు. జగత్తు యొక్క జన్మస్థితిలయములకు కారణమైనది బ్రహ్మమని బ్రహ్మసూత్రములలో రెండవది చెప్పినదానిని అద్వైతులు తటస్థలక్షణముగనే వ్యాఖ్యానించిరి.

న్యూట్రల్ రెడ్ ఒక దుర్బల క్షారము. ద్రావణపు పి.హెచ్. 6.8కి దిగువ నున్నపుడు ఎఱ్ఱగను, 8.0కి మించినపుడు పసుపుగను ఇది కనబడును. జీవకణములను దీని పలుచని ద్రావణములో ఉంచినపుడు, విద్యుదావేశము లేని దాని అణువులు కణత్వచమును సులభముగ దాటి లోనికి పోవును. అచ్చట లైసోజోములను సూక్ష్మకోశములలో పి.హెచ్. 5కు సమీపమున నుండుటచేత, అవి ప్రోటానును గ్రహించి, ఆవేశము పొంది, తిరిగి వెలికి రాలేక, ఎఱ్ఱని రేణువులై ప్రోగుపడును. ఆ ఆమ్లత్వము తనంత తాను నిలుచునది కాదు, ఏ.టి.పి. శక్తిని ఎడతెగక వెచ్చించి, ప్రోటానులను కోశములలోనికి తోడిపోయుచు కణము నిలుపుకొనునది. కావున ఆ ఎఱుపు సాక్ష్యమిచ్చునది కణము యొక్క నిరంతర ప్రయత్నమునకు.

నీటిచుక్కలోని పారమీషియమునకు ఈ రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచినచో, ఆ జీవి ఈదులాడుచునే యుండగా దాని ఆహారరిక్తికలు ఎఱ్ఱబాఱును. కేంద్రకమునకు మాత్రము రంగంటదు. ఆ జీవి మరణించినచో రేణువులు చెదరి, రంగు అంతటను వ్యాపించి, కేంద్రకమును సైతము పట్టుకొనును. 1920ల దశకమున జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్టర్ ఫోక్ట్ ఉభయచరముల పిండములపై న్యూట్రల్ రెడ్, నైల్ బ్లూ రంగులతో చిన్న మచ్చలుంచి, పిండము పెరుగుచుండగనే ఏ భాగము ఏ అవయవమగునో కనిపెట్టెను. నేటి ప్రయోగశాలలలో, ఒక ద్రవ్యము విషమగునా కాదా యని తేల్చుటకు, కణములు పట్టియుంచిన రంగును ఆమ్లము కలిపిన ఆల్కహాలులో కరగించి, 540 నానోమీటర్ల కాంతితో కొలిచి, బ్రదికియున్న కణముల పాలు అంచనా కట్టుచున్నారు.

ఇంతవరకు వినినవారికి ఎఱుపే ప్రాణమునకు గుర్తని తోచుట సహజము. కాని రసాయనములతో స్థిరీకరించిన మృతకణజాలపు పలుచని ఛేదములపై ఇదే రంగును పూయగా కేంద్రకములు ఎఱ్ఱగ స్ఫుటమగును. అచ్చట ఎఱుపున్నది, ప్రాణము లేదు. బాక్టీరియాను పెంచు మెకాంకీ అగారు అను మాధ్యమములో ఇదే రంజకము కలియును. లాక్టోజును పులియబెట్టి ఆమ్లము పుట్టించు ఇ. కోలై సమూహములు దానిపై ఎఱ్ఱబాఱగా, ఆ శక్తి లేని టైఫాయిడు బాక్టీరియా వర్ణరహితముగనే పెరుగును. అచ్చట ప్రాణమున్నది, ఎఱుపు లేదు. ఒకే రంగు ఒకచోట జీవమును, వేఱొకచోట మృతిని, మఱియొకచోట ఆహారభేదమును తెలుపుచున్నదనగా, గుర్తునకు అర్థమిచ్చునది అది నిలిచిన తావేగాని దాని వన్నె కాదన్నమాట.

ఇట్లుండగా ప్రోటానుల ఏఱ్పాటే ప్రాణమని, అంతకుమించి ఏమియు లేదని తేల్చు భౌతికవాదియు, కణములో కనబడిన ఎఱుపే జీవాత్మకు నిదర్శనమని పొంగిపోవు భక్తుడును ఒకే పొరపాటు చేయుచున్నారు. ఇరువురును తటస్థలక్షణమును స్వరూపముగ భావించినవారే. పోనీ, కణము చేయు ఆ ప్రయత్నమే ప్రాణస్వరూపమందమా, ఎండిన విత్తనములో అది దాదాపు అణగియున్నను తడి తగిలినంతనే మొలక యెత్తుచున్నది. అట్లని తటస్థలక్షణము అసత్యము కాదు. దాని ఎల్ల తెలిసి వాడుకొనువానికి అది నమ్మదగిన ప్రమాణమే.

ఈ వివేకము ప్రయోగశాలకంటె దేవాలయమున మనకు ఎక్కువ అవసరము. నొసటి విభూతిని, తిరుమణిని, కంఠమందలి రుద్రాక్షలను చూచి భక్తిని కొలుచుట మనకు అలవాటైపోయినది. ఆ చిహ్నములు జీవించియున్న హృదయముపై నున్నపుడు దాని అంతరంగసాధనకు సాక్ష్యములే. ఆ సాధన ఆఱిపోయిన పిమ్మటను అవి అంతకంటె ప్రస్ఫుటముగ అంటియుండవచ్చును. వాని నెన్నడును ధరింపని వానియందు భక్తి నిండారియుండవచ్చును. చిహ్నమును గౌరవింతము, దాని పలుకు విందము. కాని చిహ్నము లేనివానిని భక్తిహీనుడని నిర్ణయించు అధికారము ఏ శాస్త్రమును మనకీయలేదని గుర్తెఱిగి నడచుకొందము.